పడమటికే పారు ధనము

1444వ సంవత్సరము, నవంబరు 11వ తేదీ. విజయనగర సింహాసనముపై రెండవ దేవరాయలు కొలువుదీరి యున్నాడు. హెరాత్ నుండి వచ్చిన రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగర వైభవమును కన్నులార చూచినది అంతకు ముందటి సంవత్సరమే. దూరమున ఐరోపాలో వార్నా యుద్ధము ముగిసి ఒక్క దినము గడచినది. సరిగా ఈ దినముననే కాలచక్రమును నిలిపి, ప్రపంచపటమును ముందు పరచి, ‘ఏ రాజ్యమును ఏలెదవు?’ అని అడుగు కంప్యూటరు ఆట యొకటి కలదు. దాని పేరు యూరోపా యూనివర్సాలిస్. ఇక్కడ ప్రస్తావించునది దాని నాలుగవ కూర్పు. స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ దీనిని 2013 ఆగస్టులో వెలువరించినది. ఆటలోని కాలము 1821 వరకు సాగును.

కంప్యూటరు ఆటయనగానే పెద్దలకు తుపాకుల మ్రోతయు, పిల్లవాని చదువు చెడుటయు తలపునకు వచ్చును. ఇందును యుద్ధములు లేకపోలేదు. కాని సైన్యమునకు జీతము కావలెను. జీతమునకు బొక్కసము నిండవలెను. శిస్తుతో నిండినంత నిండి, అటుపైన నిండవలెనన్న వర్తకమే శరణ్యము. కత్తి పట్టుట నాలుగు దినములలో నేర్చుకొన్న కుర్రవాడు సైతము ఈ వర్తకపు లెక్క దగ్గర తల పట్టుకొనును. ఆటకు ప్రాణమంతయు ఆ లెక్కలోనే యున్నది. చరిత్ర బోధించువారు నిలదీసి అడుగదగిన ప్రశ్నయు ఆ లెక్కలోనే దాగియున్నది.

లెక్క యిట్టిది. పటములోని ప్రతి మండలమును ఒక సరుకును ఉత్పత్తి చేయును. ఒకచోట ధాన్యము, ఒకచోట ఉప్పు, మరియొకచోట బట్ట, వేరొకచోట సుగంధద్రవ్యములు. ప్రతి సరుకునకు ఒక ధర కలదు. మండలమును ఏలువానికి ఉత్పత్తి రాబడియని కొంత ముట్టును. ఇంతవరకు ఇది గ్రామ కరణమునకు తెలిసిన లెక్కయే. కాని సరుకు విలువ అచ్చటితో ఆగదు. ఆ ప్రాంతపు వర్తక కూడలిలో వచ్చి పడును. ప్రపంచమంతయు కలిపి ఇట్టి కూడళ్ళు ఎనుబది వరకు గలవు. కూడలిలో పడిన విలువపై పండించినవానికి ప్రత్యేకమైన హక్కు లేదు. అచ్చట ఎవరికి ఎంత వర్తక బలము గలదో ఆ పాళ్ళ ప్రకారము అది పంపకమగును.

ఆ బలము ఎట్లు వచ్చును? పెద్ద రేవులు, నదీముఖద్వారములు, సంతపట్టణములు ఎవరి చేతిలో నున్నవో వారికి బలము. కూడలికి ఒక బేహారిని పంపినచో మరికొంత. సముద్రముపై తేలిక ఓడలను కావలి త్రిప్పినచో ఇంకను కొంత. బలము గలవానికి రెండు త్రోవలు గలవు. తన పాలు అక్కడనే వసూలు చేసికొనవచ్చును. లేదా ప్రవాహమునకు దిగువనున్న మరియొక కూడలికి మళ్ళింపవచ్చును. సొంత కూడలిలో వసూలు సులభము. పరుల కూడలిలో వసూలుకు కూర్చున్నచో బలము సగమునకు పడిపోవును. కావున తెలివిగల ఆటగాడు దిగువన తన ఖజానాను నెలకొల్పి, ఎగువ కూడళ్ళకు బేహారులను పంపి, ఒక కూడలి నుండి మరియొక కూడలికి తోయించుచు విలువను తన వాకిటికి తెచ్చుకొనును. బేహారి తోసిన ప్రతి చోటను ఆ విలువ కొంచెము పెరుగును గూడ.

ఒక చిన్న ఉదాహరణము చూతము. ఒక కూడలిలో పది డుకాట్ల విలువ వచ్చి పడినదనుకొనుడు. నీ బలము నూటికి అరువది పాళ్ళు, వసూలు చేసికొంటివి, ఆరు డుకాట్లు నీవి. మిగిలిన నాలుగును నీ పోటీదారు దిగువకు తోసినాడు. నీ పొలములో పండినదే అయినను ఆ నాలుగును నీ కంట పడకుండ పోయినవి. మిరప పండించి గుంటూరు యార్డుకు తోలిన రైతు ఇందులో వింతయేమియు చూడడు. పొలముకన్న త్రోవ విలువైనదని, త్రోవకన్న త్రోవలు కలియు చోటు విలువైనదని ఆట నేర్పును. ఈ పాఠము అబద్ధము కాదు. చెప్పుకొనదగిన పొలములు లేక, ఉప్పునీటి మడుగులో దిమ్మెలు పాతి కట్టుకొన్న వెనిస్ నగరము మధ్యధరాసముద్రమును ఏలినది ఈ సూత్రముచేతనే.

డుకాటన్నది ఆ వెనిస్ వారి బంగారు నాణెమే, 1284లో పుట్టినది. ఈ ఆటలో ఎల్ల రాజ్యములును డుకాట్లలోనే లెక్క చూచుకొనును. విజయనగరాధీశుడు సైతము తన వరహాలను విడిచి డుకాట్లు ఎంచుకొనవలసినదే! చిన్న విషయమే కాని, ఈ పటమును ఎవరి కిటికీలోనుండి చూచి గీసినారో తెలిసికొనుటకు అది చాలును.

బంగారము మాట వచ్చినది గనుక ఒక చమత్కారము చెప్పి ముందుకు పోయెదను. ఈ ఆటలో బంగారు గని దొరికినవానికి సొమ్ము నేరుగా ఖజానాలో పడును. కూడళ్ళతో పని లేదు. కాని ఆ సొమ్ము పెరిగినకొలది రాజ్యములో ధరలు పెరుగును. సైనికుడు ప్రియము, కోట ప్రియము, మంత్రి ప్రియము. 1545లో పొటోసీ వెండిగని కనుగొన్న పిమ్మట స్పెయిను వెండిలో మునిగియు అప్పులపాలైన కథ విద్యార్థికి పుస్తకములో నాలుగు పంక్తులు. ఆటలో ఆ నాలుగు పంక్తులను అతడు స్వయముగా అనుభవించును. ఇంత చక్కగా చెప్పు పాఠ్యపుస్తకములు అరుదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము.

మన విద్యార్థి సహజముగా విజయనగరమును ఎన్నుకొనును. తూర్పుతీరము వెంబడి ‘కోరమాండల్’ అను కూడలి కనబడును. రేవులు పట్టును, ఓడలు కట్టును, బేహారులను పంపును. కూడలి నుండి ఒక బాణపు గుర్తు కన్యాకుమారి వైపునకు సాగును. అచ్చట నుండి త్రోవలు చీలి, ఏడెను మీదుగను, ఆఫ్రికా దక్షిణాగ్రము మీదుగను పడమటికి పోవును. ఎచ్చటెచ్చట తిరిగినను ఆ ప్రవాహములు తుదకు చేరునవి మూడే కూడళ్ళు: వెనిస్, జెనోవా, ఇంగ్లీషు ఛానలు. వాటి నుండి వెలుపలికి పోవు బాణము ఒక్కటియు లేదు. తూర్పు నుండి వచ్చు విలువను కోరమాండల్ నిలుపుకొనవచ్చును, పడమటికి తోయవచ్చును. తూర్పునకు మాత్రము తోయజాలదు. సేనలతో భారతదేశమంతయు జయించినను, హిందూమహాసముద్రమంతయు తన ఓడలతో నింపినను ఆ బాణమును వెనుకకు త్రిప్పు ఉపాయము ఆటగాని చేతిలో లేదు. అందుచేత గడుసువారు కొందరు ఒక పని చేయుదురు: భారతదేశమును గెలిచిన పిమ్మట ఐరోపా తీరమున ఒక రేవు పట్టి తమ వర్తక ఖజానాను అచ్చటికే తరలింతురు. హంపి రాయలు లండనులో లెక్కలు చూచుకొనుట!

చరిత్రలో జరిగినది ఇది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దములోనే ప్లినీ యను రోమక పండితుడు, భారతదేశము ఏటేట ఐదుకోట్ల సెస్టర్సుల ధనమును తమ సామ్రాజ్యము నుండి పీల్చుకొనుచున్నదని వ్రాసికొని వగచినాడు. ఆ రోమను నాణెములు మన నల్లగొండ జిల్లా నేలలో సైతము దొరకినవి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు చీరాల దాపున నున్న మోటుపల్లి రేవులో ఒక అభయశాసనమును వేయించినాడు. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాగుకొనెడివారట. ఇకమీదట ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప మరేమియు ముట్టనని, ప్రాణముకన్న ధనమే మిన్నయని సముద్రమునకు తెగించిన వర్తకులపై దయతో ఆయన మాట యిచ్చినాడు. ఆటలోని రాజునకు వర్తకబలమన్న రేవుపై పట్టు. గణపతిదేవునకు అది రేవుపై నమ్మకము. కొన్నేండ్లకు మార్కోపోలో ఈ సీమ వజ్రములను, సన్నని వస్త్రములను పొగడినాడు.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పుచు రేవుల విషయమును మరువలేదు. గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, చందనము దిగుమతియగునట్లు రేవులను చక్కజేయవలెననియు, దూరదేశపు వర్తకులను ఆదరించి మంచి ధర యిచ్చి, వారి గుఱ్ఱములు, ఏనుగులు శత్రువుల పాలు గాకుండ చూచుకొనవలెననియు ఆయన హితవు. తెలుగు పాఠములో ఆ పద్యములను చెప్పు ఉపాధ్యాయులకు ఇది క్రొత్త కాదు. ఆ రాజు కన్నులకు ప్రవాహము తన వైపునకు వచ్చుచున్నది గాని పడమటికి పోవుచున్నది కాదు.

డచ్చివారు 1605లో మచిలీపట్టణములో దిగినారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చినారు. వారు తెచ్చిన ఐరోపా సరుకును ఇచ్చట అడుగువారు తక్కువ. కావున వెండిని, బంగారమును ఓడలకెత్తుకొని వచ్చి, మన సాలెవారు నేసిన బట్టలను, అద్దకపు వస్త్రములను కొనవలసి వచ్చినది. ఆ బట్టలన్నియు ఐరోపాకే పోయినవనుకొనుట పొరబాటు. అందు ఎక్కువ భాగము ముందు తూర్పునకు, జాజికాయ, లవంగము పండు మొలక్కా ద్వీపములకును, ఆ పరిసర దీవులకును పోయినది. అచ్చటివారు కోరినది కోరమండలపు బట్ట. ఆ బట్ట లేనిదే సుగంధద్రవ్యము సులభముగా చేతికి రాదు. అనగా, వెండి పడమటి నుండి మచిలీపట్టణమునకు, బట్ట మచిలీపట్టణము నుండి తూర్పునకు, లవంగము తూర్పు నుండి పడమటికి. ఇది వలయము. ఆటపటములో మొలక్కాల నుండి మన వైపునకు వచ్చు త్రోవ కలదు గాని మన రేవు నుండి మొలక్కాలకు పోవు త్రోవ లేదు. మచిలీపట్టణపు బట్ట పోయిన ముఖ్యమైన దారియే అందు మూసివేయబడినది.

ఆట కట్టినవారి పక్షమున చెప్పదగినది లేకపోలేదు. తోసిన ప్రతి చోటను విలువ పెరుగునని నియమము పెట్టిన పిమ్మట ప్రవాహము వలయముగా తిరిగినచో ఆ విలువ అంతులేకుండ పెరిగిపోవును, లెక్క తెగదు. ఒక వైపునకే పారునట్లు గీయుట లెక్క తెగుటకు మార్గము. అదియునుగాక, వెండి తూర్పునకు వచ్చినను, సరుకు మోసి అమ్మిన లాభము పడమటివారికి మిగిలినదనియు, బాణము ఆ లాభమునకు గుర్తనియు వాదింపవచ్చును. ఈ వాదమును తీసివేయలేము. అయినను లాభము వారికి మిగులుట నేల స్వభావము కాదు; ఓడల వలన, ఫిరంగుల వలన, పత్రముల వలన, యుద్ధముల వలన, ఎన్నియో తరములకు జరిగిన పని. 1757లో ప్లాసీ యుద్ధము. 1765లో బెంగాలు దివానీ కంపెనీ చేతికి వచ్చినది. అటుపిమ్మట బెంగాలు రైతు కట్టిన శిస్తుతోనే బెంగాలు బట్టను కొని ఓడకెక్కించుట సాధ్యమైనది. వెండి తెచ్చు పని తగ్గిపోయినది. మరుసటి యేడు 1766లో నిజాము ఒడంబడికతో మన ఉత్తర సర్కారులును కంపెనీ వశమైనవి. దాదాభాయి నౌరోజీ పిమ్మట లెక్కగట్టి చూపిన ధనప్రవాహము అట్లు పుట్టినది. ఆట నడుచు 377 ఏండ్లలో బాణము నిస్సంశయముగా పడమటికి తిరిగినది చివరి ఏబదియారేండ్లలోనే. మిగిలిన మూడువందల యిరువది యేండ్లకును అదే బాణమును వెనుకకు గుంజి గీసినారు. చరిత్రలో ఒకనాడు జరిగినదానిని భూగోళములో అనాదిగా నున్నట్లు చూపినారు.

ఇందుచేత విద్యార్థిని ఈ ఆట ఆడవద్దనుట నా ఉద్దేశము కాదు. వర్తక బలమును గూర్చి అతడు దానివలన నేర్చుకొనునది చాల గలదు. తరగతిలో ప్రపంచపటమును వ్రేలాడదీసి, ఆటలోని బాణములను ఎఱ్ఱరంగుతో ముందు వానిచేతనే గీయింపవచ్చును. పిమ్మట నీలిరంగుతో వెండి త్రోవను, పచ్చరంగుతో బట్ట త్రోవను గీయుమనవలెను. 1500లో ఎట్లున్నది, 1650లో ఎట్లున్నది, 1800లో ఎట్లున్నది? మూడు పటములు కావలసివచ్చును. ఒక్క పటముతో తీరదు. నీలిగీత ఎప్పుడు సన్నగిల్లినదో, ఏల సన్నగిల్లినదో పిల్లలు తమలో తాము వాదించుకొన్నచో ఆ గంట వ్యర్థము కాదు.

ఈ ఆట అయిదవ కూర్పు 2025 నవంబరులో వెలువడినది. అందు కాలము 1337 నుండి మొదలగును. కాకతీయ రాజ్యము కూలి అప్పటికి పదునాలుగేండ్లు. ఆ క్రొత్త కూర్పులో ఒకే వైపునకు పారు బాణములను తీసివేసినారు. వాటి స్థానమున బజారులున్నవి. సరుకు ఎచ్చట చవుకయో అచ్చట నుండి, ఎచ్చట ప్రియమో అచ్చటికి పోవును. కొరత పడినచో ధర లేచును, రాశి పడినచో ధర దిగును. కోరమండలపు బట్ట ఏ వైపునకు పోవలెనో ఇప్పుడు పటము చెప్పదు. ఆడు పిల్లవాడే ధరలు చూచి నిర్ణయించుకొనవలెను.