గడువు దాటని కబురు



2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కోదాడ పట్టణమును వఱద ముంచెత్తినది. ఆనాడే నడిగూడెము మండలమునందలి కాగితరామచంద్రాపురము చెంత నాగార్జునసాగరు ఎడమకాలువకు గండిపడినది. అట్టి వేళ నీరు వచ్చుచున్నదను కబురు ఒక గంట ముందుగా అందినచో, పశువులను విప్పుకొని మిట్టకు చేరవచ్చును. నీరు వాకిట నిలిచిన పిమ్మట అందినచో, ఆ కబురు సత్యమే యైనను నిష్ప్రయోజనము. నేడు నేను ప్రసంగింపబోవు శాస్త్రమంతయు ఈ చిన్న విషయముపైననే నిలిచియున్నది.

కంప్యూటరు లెక్క తప్పినచో దోషమని యందఱును ఎఱుగుదురు. లెక్క ఒప్పైనను ఆలస్యమగుటయే దోషమైన పనులు కొన్ని గలవు. విమానమును నడపు యంత్రములు, కర్మాగారములను కనిపెట్టియుండు యంత్రములు ఇట్టివి. వీనిని రియల్ టైము వ్యవస్థలందురు. ముహూర్తము దాటిన పిమ్మట మంత్రమెంత స్వరశుద్ధిగా చదివినను ఫలమేమి? వీని తీరును అట్టిదే. ఇచట వేగము వేఱు, గడువు తప్పకుండుట వేఱు. ఒకనాడు అరగంటలోను, మఱియొకనాడు మూడు గంటలలోను చేరు బస్సుకంటె, నిత్యము గంటన్నరకు చేరు బస్సే మనకు నమ్మదగినది గదా!

ఒకే యంత్రముపై పెక్కు పనులు పడినప్పుడు ముందు దేనిని చేయవలెను? 1973లో లియూ, లేలండు అను నిరువురు దీనిని గణితముతో తేల్చిరి. నియమితకాలమున మరల మరల వచ్చు పనులను ఒక యంత్రమే చేయునప్పుడు, పని మొత్తము దాని శక్తిని మించనిచో, ఏ పనికి గడువు దగ్గఱపడినదో దానినే ముందు చేయుచుండిన యెడల ఏ గడువును తప్పదు.

ఇక మన ప్రాంతమున చదివిన పండితునొకరిని పేర్కొనవలెను. ఆచార్య సి. శివరామమూర్తిగారు 1982లో వరంగల్లు ప్రాంతీయ ఇంజినీరింగు కళాశాలయందు పట్టము పొంది, 1988 నుండి మద్రాసు ఐ.ఐ.టి.యందు అధ్యాపకత్వము వహించిరి. పని నడుమ యంత్రము చెడినచో గడువును నిలుపుటెట్లు? ఇది వారును, జి. మణిమారన్ గారును విచారించిన ప్రశ్నలలో నొకటి. తూము నెత్తుటకు ఒక నీరటిని నియమించి, అతడు జబ్బుపడునేమోయని వేఱొకనిని సిద్ధముగా నుంచుట మనకు క్రొత్త గాదు. అట్లే ప్రతిపనికిని రెండు ప్రతులుంచి, రెండు యంత్రములకు అప్పగింతురు. మొదటిది సఫలమైనచో రెండవదానికై యుంచిన కాలమును ఇతరకార్యములకు వినియోగింతురు. ఈ యిరువురి గ్రంథము 2001లో అమెరికాయందు అచ్చైనది. 2004లో బి. ఎస్. మనోజ్ గారితో కలసి మూర్తిగారు రచించిన వేఱొక గ్రంథము తీగలేని వార్తాజాలములను గూర్చినది. అందు సెన్సారుల జాలమునకు ఒక ప్రకరణము గలదు.

సెన్సారన నేమి? మిర్యాలగూడ ప్రాంతమున ధాన్యము అమ్మునప్పుడు తేమ నూటికి 17 పాళ్లు మించినదా లేదా యని చూచు మిషను మీరెఱిగినదే. అందు తేమను గుర్తించు భాగమే సెన్సారు. దానికి చిన్న కంప్యూటరు, చిన్న రేడియో, బ్యాటరీ జతచేసి పొలములందును కాలువగట్లపైనను పెక్కింటిని నాటినచో, అవి ఒండొంటికి కబురందించుకొనుచు కేంద్రమునకు చేర్చును. దూరము రెట్టింపైనచో పంపుటకు వలయు శక్తి కనీసము నాలుగు రెట్లగును. కావున ఒకే కేక వేయుటకంటె, చేను కాపువారు మంచె నుండి మంచెకు కేకవేసినట్లు, పొరుగుదాని ద్వారా పంపుట మేలు.

అయినను ఇందొక చిక్కు గలదు. కేంద్రమునకు దగ్గఱనున్న సెన్సారులు అందఱి కబురులను మోయుటచే వాని బ్యాటరీలే ముందుగా అడుగంటును. బ్యాటరీని కాపాడుటకు సెన్సారు అధికకాలము నిద్రింపవలెను. నిద్రించుచుండగా వచ్చిన కబురు ఆగిపోవును. ఆగినచో గడువు తప్పును. ఆయువు కావలెనన్న నిద్ర, గడువు నిలువవలెనన్న జాగరణ. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే ఈ విద్యయందలి కష్టము. నీరు నిలకడగా నున్నప్పుడు అరుదుగా మేల్కొని, మట్టము త్వరగా పెరుగుచున్నప్పుడు తఱచుగా మేల్కొనుట ఒక ఉపాయము.

సూర్యాపేట చెంతనున్న మూసీ ప్రాజెక్టు గేటొకటి 2019 అక్టోబరులో కొట్టుకొనిపోయినది. అట్టి యాపదను యంత్రము సకాలమున తెలుపగలదు గాని, గేటును మరమ్మతు చేయజాలదు. నిద్రించు ఊరిని లేపుటకు తలుపుతట్టు మనిషి కావలెను. కావున మీ గ్రామమునకు ఇట్టి యంత్రములను ఎవరైనను తెచ్చినచో మూడు ప్రశ్నలు వేయుడు. కబురు ఎంతసేపటిలో చేరును? బ్యాటరీని ఎవరు మార్తురు? అర్ధరాత్రమున ఆ కబురును ఎవరు విందురు? మూడింటికిని సమాధానము దొరకినచో ఆ యంత్రమునకు మీ కాలువగట్టుపై చోటిండు.