పుటలో ఇమడని ఆకాశము

బాలలకై గ్రహములను గూర్చి బొమ్మల పుస్తకము వ్రాయబూనినవానికి మొదటి చిక్కు కాగితమే. సూర్యుని, ఎనిమిది గ్రహములను ఒక్క పుటలో వరుసగా నిలిపినచో బొమ్మ ముచ్చటగనే యుండును; కాని అది అబద్ధము. భూమి 2 మిల్లీమీటర్ల ఆవగింజ యనుకొన్నచో, సూర్యుడు 22 సెంటీమీటర్ల చిన్న గుమ్మడికాయ యగును. ఆ రెంటి నడుమ 23 మీటర్ల దూరముండవలెను. నెప్ట్యూను 700 మీటర్ల ఆవల నెక్కడనో! ఏ పుటకు అంత వెడల్పు కలదు? ప్లూటోను 2006లో గ్రహముల పంక్తినుండి తొలగించినప్పుడు పుస్తకములను దిద్దుట సులభమే అయినది. దూరముల విషయమున అట్టి దిద్దుబాటు లేదు. కావున బొమ్మ క్రిందనే "ఇది కొలత ప్రకారము గీచినది కాదు" అని ఒప్పుకొను రచయితయే నాకు నచ్చును. అంతతో విడువక, గుమ్మడికాయను అరుగుమీద నుంచుమనవలెను. ఆవగింజను చేతబట్టి వీధిలో ఏబది చిన్న అడుగులు వేసి, వెనుదిరిగి చూడుమనవలెను.