‘పవర్’ అను క్రియ, దాని జ్ఞాతులు

ఆంగ్లభాషా పర్యాయపదముల పట్టికలలో ‘పవర్’ అను క్రియకు ఎదురుగా ఫ్యూయల్, ఫీడ్, డ్రైవ్, చార్జ్ అను మాటలు బారులు తీరి కనబడును. తెలుగున అన్నిటికిని ఒకే అర్థము వ్రాసికొందురు: ‘శక్తినిచ్చుట’. విద్యార్థి దానిని కంఠస్థము చేయును. ఆపైన ‘బొగ్గు ఆవిరియంత్రమును చార్జ్ చేసినది’ అను వాక్యమును ఆంగ్లమున వ్రాసి చూపును. వ్యాకరణదోషము లేదు, పట్టిక ప్రకారము మాటయు సరియైనదే. అయినను ఆంగ్లము మాతృభాషగా గలవారెవరును అట్లనరు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. ఎందుకు తప్పో ఆ పిల్లవానికి బోధపడదు. కొట్టివేసినవారు దానిని విడమరచి చెప్పుటయు అరుదు.

పర్యాయపదమనగా ఒకదానికి బదులుగా మరియొకటి ఎక్కడనైనను వేయదగినదని మన పూర్వులు తలపలేదు. అమరకోశమున అగ్నికి పేర్లనేకములు. పావకుడు పవిత్రము చేయువాడు. హుతభుక్కు హోమద్రవ్యమును భుజించువాడు. కృష్ణవర్త్ముడు తాను నడచిన దారిని నల్లగా విడుచువాడు. వస్తువొక్కటే, చూచిన చూపు వేరు. పీటర్ మార్క్ రోజెట్ అను వైద్యుడు 1852లో ప్రకటించిన ఆంగ్ల పదకోశమును మాటలను అకారాదిగా గాక భావములనుబట్టి కూర్చినది. తెలిసిన మాట సమయమునకు తోచనివానికి అట్టి వరుస మేలు చేయును. మాటయే తెలియనివానికి అది గోతి.

‘పవర్’ లాటిన్ భాషలో ‘చేయగలుగుట’ అను అర్థముగల ధాతువునుండి పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరినది. యంత్రములకంటె ముందు అది అధికారమునకు పేరు. 1776లో బాస్వెల్ బర్మింగ్‌హామ్ చెంతనున్న సోహో కర్మాగారమును చూడబోయినప్పుడు, దాని యజమాని మాథ్యూ బౌల్టన్, లోకమంతయు కోరుకొను ‘పవర్’నే తానచట అమ్ముచున్నానని చమత్కరించినాడు. రాజులు కోరునదియు, గనుల యజమానులు కోరునదియు ఒక్క మాటలో ఇమిడిపోయినవి. అతని భాగస్వామి జేమ్స్ వాట్ నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిని ఒక అశ్వసామర్థ్యముగా నిర్ణయించినాడు. ఇచట ‘నిమిషమునకు’ అన్నదే ముఖ్యము. భౌతికశాస్త్రమున ‘ఎనర్జీ’ శక్తి. ‘పవర్’ సామర్థ్యము, అనగా పని జరుగు రేటు. యంత్రముల విషయమున 19వ శతాబ్ది చివర వాడుకకెక్కిన ‘పవర్’ అను క్రియలోను ఆ ధార కలదు. విద్యుత్తు పంపును పవర్ చేయును. తీగ తెగిన క్షణమున పంపు నిలుచును.

‘ఫ్యూయల్’ కథ వేరు. లాటిన్‌లో ‘ఫోకస్’ అనగా పొయ్యి. ఫ్యూయల్ ఆ పొయ్యిలో వేయునది. ఆ ఫోకస్ అను మాటనే కెప్లర్ 1604లో శాస్త్రమునకు తెచ్చినాడు. కనుక మన పాఠ్యపుస్తకములలోని కటకపు ‘నాభి’యు, వంటచెఱకును ఆంగ్లమున ఒకే ఇంటివి! ఫ్యూయల్ చేయు వస్తువు తాను కాలి తరిగిపోవలెను. గాలి మరను ఫ్యూయల్ చేయునన్నచో పొసగదు. గాలి చేయునది ‘డ్రైవ్’, పశువులను తోలుటకు వాడిన పాత మాట. ‘ఫీడ్’ అన్నము పెట్టుట, ‘ఫుడ్’నకు తోబుట్టువు, సబ్‌స్టేషను నుండి వచ్చు లైనును ‘ఫీడరు’ అనుటలో ఉన్నది అదే.

ఆంగ్ల పత్రికలలో వదంతులు కోపమును ‘ఫ్యూయల్’ చేయుచుండును. తెలుగున దానికి యజ్ఞశాలనుండి వచ్చిన నుడికారము సిద్ధముగ నున్నది: ఆజ్యము పోయుట. కాని మనకు అది చెడుగునకే చెల్లును. విద్య దేశాభివృద్ధికి ఆజ్యము పోసినదని అనువదించినచో చదువరి నవ్వును. అచట ‘ఊతమిచ్చినది’ అనవలెను.

ఇక ‘చార్జ్’. వీటన్నిటిలో తెలుగు నేలలో బాగుగా వేళ్ళూనినది ఇదియే. దీని మూలము ‘కారుస్’, లాటిన్ భాషలో బండి. బండికి బరువెత్తుట దీని తొలి అర్థము. బస్సు చార్జి ప్రయాణికునిపై పడిన భారము. చార్జిషీటు నిందితునిపై మోపిన భారము. ఉద్యోగి చార్జి తీసికొనుట బాధ్యత నెత్తికెత్తుకొనుట. తుపాకిలో మందు కూరుటయు చార్జే. 1745-46 ప్రాంతమున లైడెన్ జాడీ వెలసినది. గాజుసీసాలో విద్యుత్తును నింపి ఉంచవచ్చునని తెలిసినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ నింపుటను చార్జ్ అని, వరుసగా కలిపిన జాడీలను, ఫిరంగుల వరుసకుండిన పేరుతోనే, బ్యాటరీ అని వ్యవహరించినాడు.

బండిలో సరకెత్తినట్లే సెల్‌ఫోనుకు ‘చార్జింగ్ ఎక్కినది’ అని తెలుగువారు అనుచున్నారు. ఆ లాటిన్ బండి సంగతి వారికెవరును చెప్పలేదు. గోడలోని కరెంటు బ్యాటరీని చార్జ్ చేయును, బ్యాటరీ ఫోనును పవర్ చేయును. ఈ రెండు వాక్యములను తారుమారు చేయ వీలులేదు. తీగ తీసిన పిదపను నిలిచియుండునది చార్జ్. తీగతోపాటు పోవునది పవర్.

ఆవిరియంత్రము మాటకు వచ్చినచో, కొలిమిని బొగ్గుతో ‘చార్జ్’ చేయుట అను ప్రయోగము ఆంగ్లమున లేకపోలేదు. అయితే ఆ వాక్యమున కర్త పార పట్టిన కార్మికుడు. బొగ్గు అచట సరకే గాని బండి నింపువాడు కాదు.