అటకమీది పాటలపెట్టె

డెంకణికోట, బాగలూరు, సూళగిరి వైపు పాత ఇళ్లలో అటక దులిపేటప్పుడు నల్లని తోలుగుడ్డ అంటించిన చిన్నపెట్టె ఒకటి బయటపడవచ్చు. ప్రయాణపు పెట్టె అనుకొని పాత ఇనుప సామాను బండికి వేసేవారున్నారు. వేయకముందు మూత తెరిచి చూడండి. లోపల గుండ్రని పళ్లెం, వంగిన గొట్టం ఉంటే అది కరెంటు అక్కరలేని గ్రామఫోను. కీ ఇస్తే పాడుతుంది.

ఇటువంటివాటిలో పేరుపొందినవి హిజ్ మాస్టర్స్ వాయిస్ వారివి. బాకా ముందు కూర్చున్న కుక్కబొమ్మే వాటి గుర్తు. వాటిలో 101 రకం 1925లోనూ, 102 రకం 1931లోనూ వచ్చాయి. తేడా తెలియాలంటే ముల్లు బిగించే గుండ్రని బిళ్లను, అనగా సౌండ్‌బాక్సును చూడాలి. 4 అన్న అంకె, అభ్రకపు పొర ఉంటే సాధారణంగా అది 101. 5ఏ లేక 5బీ అని ఉండి అల్యూమినియం పొర కనబడితే 102. మరమ్మతులో బిళ్ల మారి ఉండవచ్చును గనుక ఈ ఒక్క గుర్తునే నమ్మరాదు.

బాకా ఏదని అడుగుతారు. పెట్టెలోపలే మడిచి ఉంటుంది. 102లో శబ్దం వెనుకనుండి వెలువడి, తెరిచిన మూతకు తగిలి మన వైపు వస్తుంది. అంగళ్లలో తళతళలాడే ఇత్తడి బాకాతో, కుక్కబొమ్మ అంటించి అమ్మేవాటిలో చాలామట్టుకు కొత్తగా కూర్చినవే. విచారకరమైన సంగతి ఏమనగా, వాటిలో తిరిగే యంత్రాన్ని తరచు ఇటువంటి అసలు పెట్టెలనుండే ఊడదీస్తారు. ఒక నకిలీకోసం ఒక నిజమైనది నశిస్తుంది.

పెట్టెతోపాటు రికార్డులుంటే ఇంకా జాగ్రత్త. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల గళంలో మన పెద్దలు విన్నది ఈ పళ్లాలమీదనే. తెలుగు బడికి పోని పిల్లలున్న సరిహద్దు ఇంటిలో ఆ గొంతు విలువ వేరుగా చెప్పాలా? వాటిమీది గాయకుల పేర్లు, సంఖ్యలు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఆ రికార్డుల్లో లక్క కలిసి ఉంటుంది. స్పిరిటు తగిలితే కరుగుతుంది. వడ్రంగులు లక్కను స్పిరిటులోనే కరిగించి పాలిష్ చేస్తారని ఎరిగి ఉండికూడా, నేను ఒక రికార్డును స్పిరిటుతో తుడిచి మూగదాన్ని చేశాను. పొడి మెత్తని గుడ్డ చాలును.

ఉక్కు ముల్లును ఒక్క వైపు పాడించాక మార్చాలి. అరిగిన ముల్లు గాడిని చెక్కివేస్తుంది. స్ప్రింగు డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి, లోపలి ఉక్కుపట్టీ ఎగిరి చేయి కోస్తుంది. పెట్టెను దాచేముందు కీ పూర్తిగా తిరిగిపోనివ్వండి.