అమీరు బిడ్డకొక బడి, గరీబు బిడ్డకొక బడి

అబ్బాయిని బడిలో వేసే ముందు మనం అడిగే మొదటి ప్రశ్న ‘ఫీజు ఎంత?’ రెండోది ‘ఇంగ్లీషు మీడియమేనా?’ నూటయాభై ఏళ్ల కిందట హైదరాబాదులో అన్నిటికన్నా ముందు వచ్చే ప్రశ్న వేరు. ‘ఎవరి బిడ్డ?’

మొదటి సాలార్‌జంగ్‌గా పేరొందిన మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో నిజాం రాజ్యానికి దివాన్ అయ్యేనాటికి ఆయన వయసు 24 ఏళ్లు మాత్రమే. అప్పుల్లో మునిగిన ఖజానాను చక్కదిద్దే పనిలో ఉంటూనే చదువు సంగతీ పట్టించుకున్నారు. 1850లలోనే నగరంలో దారుల్ ఉలూం వెలసింది. అరబీ, ఫార్సీలతో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ కూడా అక్కడ నేర్పేవారు. తెలుగు ముస్లింలమైన మనకు ఈ మాట వినడానికి ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అయితే సొంత కొడుకుల చదువు దగ్గరికి వచ్చేసరికి ఆయన మరో బడి పెట్టారు. 1870ల తొలినాళ్లలో మొదలైన ఆ బడి పేరు మదర్సా-ఎ-ఆలియా. ‘ఆలియా’ అంటే ఉన్నతమైనది అని అర్థం. దివాన్ గారి బిడ్డలు, వారితో పాటు ఇతర అమీర్ల బిడ్డలు అందులో చదువుకున్నారు. అంతా మగపిల్లలే. 1878లో రాజవంశీకుల, నవాబుల పిల్లల కోసం మదర్సా-ఎ-అయిజ్జా వచ్చింది. 1887లో నిజాం కాలేజీ ఏర్పడి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఆలియా దానికి పిల్లలను తయారుచేసి పంపే బడి అయింది. ఆలియా నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి సర్కారు కొలువుకు మెట్లు వరుసగా వేసి ఉన్నాయి. మొదటి మెట్టు ఎక్కాలంటే మాత్రం వంశం కావాలి.

సాలార్‌జంగ్‌ను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. మనిషిని ఆయన కాలంతోనే కొలవాలి. చాలామంది అమీర్లు పిల్లలను ఇంట్లోనే ఉస్తాదుకు అప్పగించి ఊరుకున్న రోజుల్లో ఆయన బడులు తెరిచారు. కానీ ముస్లింలుగా మనకు ఆ కాలం కన్నా ముందటి కొలబద్ద ఒకటి ఉంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని 80వ సూరా ‘అబస’ అవతరించిన సందర్భం మనలో చాలామందికి తెలుసు. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలకు ధర్మం బోధిస్తున్నారు. వారు మారితే ఎందరో మారతారని ఆశ. అంతలో అంధుడైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూం (ర) వచ్చి తనకూ నేర్పమని అడిగారు. ప్రవక్త (స) ముఖం చిట్లించి పెద్దల వైపే మళ్లారు. వెంటనే అల్లాహ్ తన ప్రవక్తను మందలించాడు. నేర్చుకోవాలని పరుగెత్తి వచ్చిన పేదవాడి హక్కు, పట్టనట్టు కూర్చున్న ధనికుడి హక్కు కన్నా పెద్దదని తేలిపోయింది. ఆ అంధుడే తర్వాత మదీనా మస్జిదులో అజాన్ పలికేవారిలో ఒకరయ్యారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చి, విడుదల సొమ్ము చెల్లించలేని వారు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు రాయడం నేర్పితే చాలునని ప్రవక్త (స) నిర్ణయించారు. ఆ పిల్లల తండ్రులెవరని అడగలేదు.

మళ్లీ హైదరాబాదుకు వద్దాం. 1923లో బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ వచ్చింది. పేరుకు కాలేజీ, నిజానికి జాగీర్దార్ల కొడుకుల బడి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారి అందరి పిల్లలకూ తలుపు తెరిచింది. అందరికీ అంటే మగపిల్లలకే సుమా! ఆడపిల్లలు అడుగుపెట్టడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. వంశం అడగడం పోయింది. ఆ చోటులోకి ఫీజు వచ్చి కూర్చుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి చూద్దాం. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషన్ తొక్కే తల్లి అబ్బాయి ఫీజు కోసం చిట్టీలు కట్టడం మనం చూస్తూనే ఉన్నాం. 2016 నుంచి తెలంగాణలో ప్రభుత్వ మైనారిటీ గురుకులాలు వచ్చాయి, ఎందరికో ఆసరా అయ్యాయి. అయినా బిడ్డ సాయంత్రానికి ఇల్లు చేరాలి, మగ్రిబ్ తర్వాత మక్తబ్‌లో ఖుర్‌ఆన్ చదవాలి అనుకునే కుటుంబాలు పగటి బడినే కోరుకుంటాయి. అందులో తప్పు లేదు. బాధ కలిగించేది మరొకటి. అన్నకు ఫీజు బడి, చెల్లికి వీధి చివర సర్కారు బడి. అమీర్ల దేవిడీలు కూలిపోయినా ఆ గోడ మన ఇంటి నడుమనే లేచి నిలబడింది.

మహల్లాలో నలుగురు కలిగినవారు ఉంటే ఒక పేద పిల్లవాడి, ఒక పేద పిల్ల ఫీజు పెద్ద బరువు కాదు. అర్హులైన వారికి జకాత్ ఎలా చేరాలో మస్జిదు ఇమాం సాహెబ్‌ను అడిగితే చెబుతారు. వలీమా విందులో ఒక్క రకం వంట తగ్గించుకున్నా చాలు.

ఇంతకూ ఆలియా ఏమైంది? గన్‌ఫౌండ్రీలో ఈనాటికీ ఉంది. ప్రభుత్వ పాఠశాల. చేరడానికి వచ్చిన పిల్లవాడిని అక్కడ ఏ వంశమని అడగరు. ఫీజు కట్టగలిగిన వారు మాత్రం దాని ముందు నుంచే బిడ్డలను వేరే బడులకు తీసుకుపోతున్నారు.