జీతం ఒకటే, మిగులు వేరు

అమీర్‌పేట, పంజాగుట్టల పక్కనున్న బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ వున్నది. రాళ్ళనుంచి వచ్చే గామా కిరణాలను కొలిచి యురేనియం జాడ తీసే భౌతిక శాస్త్రజ్ఞులు అందులో వున్నారు.

ఇటువంటి కేంద్ర ప్రభుత్వోద్యోగంలో కొత్తగా చేరే శాస్త్రజ్ఞునికి, 2016 నుంచి అమలైన స్కేలులో, మూలవేతనం నెలకు 56,100 రూపాయలు. ఏ వూళ్ళో పనిచేసినా అంతే. మారేది ఇంటి అద్దె భత్యం. 2024 జనవరిలో అది హైదరాబాదులో నూటికి 30, వరంగల్లులో 20, చిన్న వూళ్ళలో 10 అయింది. అంటే హైదరాబాదులో 16,830 రూపాయలు, చిన్న వూళ్ళో 5,610!

మరి హైదరాబాదువాడే భాగ్యవంతుడా? తొందరపడకండి. నగరంలో ఇంటద్దె 18,000, చిన్న వూళ్ళో 4,000 అనుకుందాం. మిగతా భత్యాలు అలా వుంచితే, అద్దె కట్టాక నగరంలో 54,930, వూళ్ళో 57,710 మిగులుతాయి! మీ వూరి అద్దెతో మీరూ లెక్క వేసి చూడండి.