నల్లకోటు ఖరీదు ఎంత?

మీకు తెలుసా? లాయరుగా పేరు నమోదు చేసుకోవడానికి చట్టం పెట్టిన ఫీజు మొత్తం 750 రూపాయలే. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అందులో 600 రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకైతే అంతా కలిపి 125. అయినా లైబ్రరీ అనీ, సంక్షేమ నిధి అనీ, ఇంకోటనీ రాష్ట్రానికో లెక్కన 15 వేల నుంచి 42 వేల దాకా ఏళ్ల తరబడి వసూలు చేశారు. 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ అదనపు వసూళ్లు చెల్లవని తేల్చింది. వృత్తిలోకి అడుగుపెట్టేవాళ్ల మీద ఇంత భారం మోపితే వెనకబడిన వర్గాల పిల్లలు బయటే ఆగిపోతారన్నది తీర్పులో ముఖ్యమైన మాట. ఎంతో ముందే రావాల్సిన తీర్పు ఇది. అప్పటికే కట్టినవాళ్లకు మాత్రం డబ్బు తిరిగి రాదు.

నమోదు ఖర్చు అలా తగ్గింది. మరి చదువు ఖర్చు? ఇక్కడే దారులు చీలతాయి. లాసెట్ రాసి ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటు తెచ్చుకుంటే ఏడాది ఫీజు వేలల్లో ముగుస్తుంది. క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో చేరితే హాస్టల్‌తో కలిపి లెక్క లక్షల్లోకి వెళ్తుంది, అదీ అయిదేళ్లపాటు. రెండు దారుల వాళ్లూ చివరికి రాయాల్సింది ఒకటే ఆలిండియా బార్ పరీక్ష. వేసుకునేది అదే నల్లకోటు.

ఒక లెక్క వేసి చూద్దాం. చదువు కోసం 15 లక్షల అప్పు, పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకోండి. నెలకు వాయిదా సుమారు 19,800. పదేళ్లకు కట్టేది దాదాపు 23 లక్షల 79 వేలు, అంటే వడ్డీయే 8 లక్షల 79 వేలు. కోర్సు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత ఏడాదీ మామూలుగా కంతులు కట్టనక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. దాన్ని నేను ఈ లెక్కలో కలపలేదు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్ లాయర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది. అది సూచనే, ఇవ్వకపోతే శిక్ష లేదు. ఆ 20 వేలూ చేతికందినా బ్యాంకు వాయిదా పోగా మిగిలేది రెండు వందలు. పల్లె ప్రాంతపు కోర్టులో అయితే వాయిదాకే చాలదు. ఉదయాన్నే సీనియర్ ఆఫీసులో కేసు కట్టలు సర్ది, పదిన్నరకు కోర్టు హాల్లో నిలబడి, సీనియర్ వేరే హాల్లో ఉన్నారని చెప్పి పాస్‌ఓవర్ అడిగి, సాయంత్రం మళ్లీ ఆఫీసుకొచ్చి అఫిడవిట్లు డ్రాఫ్ట్ చేసే కుర్రాళ్ల పరిస్థితి ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో కొత్త లాయర్లకు నెలకు 5 వేల చొప్పున లా నేస్తం పథకం పెట్టిందంటే ఆ మొదటి ఏళ్ల ఇబ్బంది గుర్తించే.

జడ్జి కావాలన్నా ఈ ఏళ్లు దాటాల్సిందే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. పట్టా చేతికి రాగానే నేరుగా జడ్జి ఉద్యోగానికి వెళ్లి అప్పు తీర్చేద్దామన్న ఆలోచన ఇక కుదరదు.

కాబట్టి లా కోసం అప్పు చెయ్యొచ్చా అంటే నా జవాబు: కార్పొరేట్ లా ఫర్ముల్లోకో, కంపెనీల లీగల్ విభాగాల్లోకో వెళ్లాలని గట్టిగా ఉండి, అలాంటి సంస్థలు క్యాంపస్‌కు వచ్చే కాలేజీలో సీటు వస్తే చెయ్యొచ్చు. జిల్లా కోర్టులోనో హైకోర్టులోనో ప్రాక్టీసు పెట్టాలని ఉంటే మాత్రం పెద్ద అప్పు వద్దు. అప్పు లేని జూనియరే మంచి సీనియర్ దగ్గర ఓపిగ్గా పని నేర్చుకోగలడు. వాయిదా తరుముతుంటే ఆ ఓపిక ఉండదు.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంగతి తెలుసుగా. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన బిడ్డ. ముందు సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు. రాజమండ్రిలో ప్రాక్టీసు చేసి సంపాదించుకున్నాకే, 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివారు. పెద్ద ఖర్చు పెట్టేనాటికి ఆయన చేతిలో వృత్తి ఉంది.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక ముక్క. అక్కడ లా స్కూలంటే నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మరో మూడేళ్లు. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే లా విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లు మించకుండా 2025లో చట్టం చేశారు. ఆపైన కావాలంటే ప్రైవేటు అప్పే. కాలిఫోర్నియా, వర్జీనియా, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో మాత్రం లా స్కూలుకు వెళ్లకుండా లాయరు దగ్గరో జడ్జి దగ్గరో ఏళ్లపాటు చదువుకుని బార్ పరీక్ష రాసే దారి ఇంకా ఉంది. ఆ దారి పట్టేవాళ్లు తక్కువే.

డబ్బు లేదని ఆశ వదులుకోకండి. పేద పిల్లల్ని క్లాట్‌కు సిద్ధం చేసి, సీటొచ్చాక చదువుకు ఆసరాగా నిలిచే ఇడియా అనే సంస్థను షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టారు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపికైన సంస్థల్లో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేముందు కాలేజీని ఒక్క ప్రశ్న అడగండి: నిరుడు బయటికి వెళ్లిన బ్యాచ్‌లో ఎంతమంది ఎక్కడ చేరారు, మొదటి నెల చేతికి ఎంత వచ్చింది? రాతపూర్వకంగా జవాబివ్వని కాలేజీ కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి.